మడ అడవి చేపలకు కావలసిన క్రొవ్వు ఆమ్లములు

గోదావరి సముద్రమున కలియుచోట, కాకినాడకు దక్షిణముగా, కోరింగ మడ అడవులు వ్యాపించియున్నవి. 1978లో ప్రభుత్వము ఇచ్చట వన్యప్రాణి అభయారణ్యము నేర్పరచినది. నదీముఖమున ఉప్పునీటిలో పుట్టిన పండుగప్ప పిల్లలు పోటునీటితో ఈ పాయలలోనికి వచ్చి పెరుగును. వాని కీ అడవి పుట్టినిల్లు కాకపోయినను పెంచిన యిల్లు. తీరగ్రామముల పంచాయతీ సభ్యులు చెరువులు, కాలువలను గూర్చి తీర్మానములు చేయునపుడు, ఈ చేప ఏమి తిని పెరుగుచున్నదో తెలిసియుండుట అవసరము.

క్రొవ్వు ఆమ్లము లనగా నేమి?

నూనెలును క్రొవ్వులును ముఖ్యముగా క్రొవ్వు ఆమ్లములతో నిర్మితమైనవి. వీనిలో కొన్నింటిని శరీరము తానే తయారు చేసికొనును. మరికొన్ని ఆహారము ద్వారానే రావలెను. వీనిని అత్యవసర క్రొవ్వు ఆమ్లము లందురు. 1929లో బర్ దంపతులు ఎలుకలపై జరిపిన పరిశోధన వలన ఈ సంగతి వెల్లడియైనది. ఉప్పునీటి చేపలకు ముఖ్యమైనవి ఒమేగా-3 తెగకు చెందిన ఇ.పి.ఏ., డి.హెచ్.ఏ. అను రెండు పొడవైన ఆమ్లములు. ఇవి జీవకణముల పొరలయందును, మెదడునందును, కంటియందును ఉండును.

అన్ని చేపల అవసరము ఒకటి కాదు

మంచినీటి చెరువులలోని బొచ్చె, శీలావతి చేపలు తమ ఆహారములోని పొట్టి ఆమ్లములను పొడవైన ఆమ్లములుగా మార్చుకొనగలవు. కావున తవుడు, వేరుశనగ చెక్క, చెరువులో సహజముగా పెరుగు సూక్ష్మజీవులు వానికి చాలవరకు సరిపోవును. పండుగప్ప యట్లు కాదు. చిన్న చేపలను, రొయ్యలను తిని బ్రతుకు జాతి యగుటచే దానికి ఈ మార్చుకొను శక్తి మిక్కిలి తక్కువ. తయారైన పొడవు ఆమ్లములే దాని మేతలో నూటికి ఒక పాలు లేక అంతకు కొంచెము ఎక్కువగా నుండవలెను. అవి లోపించినచో ఆకలి మందగించును; ఎదుగుదల తగ్గును; రెక్కలును చర్మమును ఎర్రబడును.

ఈ నూనె ఎచ్చటిది?

మడ ఆకు రాలి బురదలో పడును. ఆకులో ఈ పొడవైన ఆమ్లములు లేవు. కాని కుళ్ళుచున్న ఆకుపై పెరుగు థ్రాస్టోకైట్రిడ్లు అను సూక్ష్మజీవులు డి.హెచ్.ఏ.ను సమృద్ధిగా తయారుచేయును. బురదపై గోధుమవన్నె పొరవలె కనుపించు డయాటములు ఇ.పి.ఏ.ను తయారుచేయును. వీనిని పురుగులు, రొయ్యపిల్లలు తినును. వానిని చిన్న చేపలు, చిన్న చేపలను పండుగప్ప తినును. బురదలో పుట్టిన నూనె ఇట్లు మెట్టుమెట్టుగా మన కంచమును చేరుచున్నది. పసిబిడ్డల మెదడు, కన్నుల ఎదుగుదలకు తోడ్పడునదియు ఈ డి.హెచ్.ఏ.యే.

పంచాయతీలు చేయదగినది

1990 దశకములో రొయ్యల చెరువులకొరకు తీరమున పలుచోట్ల మడచెట్లను నరికివేసిరి. చెట్టు పోయినచో ఆకు లేదు. ఆకు లేనిచో ఈ గొలుసులో మొదటి కడియే తెగును. కావున పోటునీరు వచ్చు పాయల ముఖములకు గట్లు వేయనీయరాదు. మడచెట్లు పోయిన చోట్ల అటవీశాఖ సలహాతో తెల్లమడ మొక్కలను నాటింపవచ్చును.

చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి జలచరముల పెంపక పరిశోధన సంస్థ 1997లో పండుగప్పచే చెరబట్టిన నీటిలోనే గ్రుడ్లు పెట్టించి పిల్లలను తీయుటలో విజయము పొందినది. ఈ పిల్లలను చెరువులో పెంచు రైతు తవుడు, చెక్కలను మాత్రమే నమ్ముకొనరాదు. మేతలో చేపనూనె ఉండవలెను. ఈ నూనె గాలి, వేడిమి తగిలినచో త్వరగా చెడును. మేతబస్తాలను నీడయందు, తడి తగులని చోట ఉంచి, చెడువాసన వచ్చిన మేతను విడిచిపెట్టవలెను.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో మత్స్య పరిశ్రమను గూడ చేర్చినది. పాయకు గట్టు వేయ ననుమతి కోరుచు అర్జీ వచ్చిన దినమున, ఆ పాయ ఎందరి కంచములకు నూనె నందించుచున్నదో సభ్యులు ముందుగా విచారింపవలెను.