ఇనుముకు పొరుగున కోబాల్ట్

ఉక్కునగరం భిలాయ్‌లో పవర్ హౌస్ పిల్లలకు ఇనుము కొత్త కాదు. దాని పరమాణు కేంద్రకంలో 26 ప్రోటాన్లుంటాయి. ఇంకొక్కటి చేరి 27 అయితే అది ఇనుము కాదు, కోబాల్ట్. మూలకం పేరును నిర్ణయించేది ప్రోటాన్ల సంఖ్యే.

సహజ కోబాల్ట్‌లో న్యూట్రాన్లు 32. అది స్థిరమైనది. అణు రియాక్టర్‌లో మరో న్యూట్రాన్‌ను గ్రహిస్తే కోబాల్ట్-60 అవుతుంది. ఆ కేంద్రకం నిలవలేదు. ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి, ఒక ఎలక్ట్రాన్ బయటికి దూసుకొస్తుంది. ఇదే బీటా కిరణం. ప్రోటాన్లు 28 కావడంతో కోబాల్ట్ కాస్తా నికెల్ అవుతుంది! మిగిలిన శక్తి గామా కిరణాలుగా వెలువడుతుంది. కొలిమిలో కరిగించినా ఇది ఆగదు. కొలిమి వేడి కేంద్రకాన్ని మార్చలేదు.

కోబాల్ట్-60 అర్ధాయువు సుమారు 5.27 ఏళ్లు. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1968లో కొన్న గామా పరికరం 2010లో మాయాపురి తుక్కు దుకాణాలకు చేరింది. అప్పటికి దాదాపు 8 అర్ధాయువులు గడిచాయి. సుమారు 256వ వంతు కోబాల్టే మిగిలింది. ఆ కాస్తే ఒకరి ప్రాణం తీసింది.

అలాంటి ముక్క తుక్కుతోపాటు కరిగితే ఉక్కులో కలిసిపోతుంది. 1983-84లో మెక్సికోలో అదే జరిగింది. ఆ ఇనుప కడ్డీలు ఇళ్ల నిర్మాణంలోకీ వెళ్లాయి. అందుకే తుక్కును కొలిమిలో వేయకముందే రేడియేషన్ కొలిచే పరికరాలతో పరీక్షించాలి.