నీటి కుంటల రూపకల్పనలో పారామెట్రిక్ నమూనా

అనంతపురం ఎర్ర నేలలలో వేరుశనగ బెట్టకు గురైనపుడు ఒక రక్షక తడి ఇవ్వడానికి నీటి కుంట ఉపకరిస్తుంది. ప్రతి పొలానికి కుంట పటాన్ని కొత్తగా గీయనవసరం లేకుండా, రెవిట్ వంటి భవన నమూనా సాఫ్ట్‌వేర్‌లో దానిని కొలతలు మార్చదగిన ‘ఫ్యామిలీ’గా రూపొందించవచ్చు.

ముందుగా రిఫరెన్స్ ప్లేన్లు గీసి, కొలతలను వాటికి ఇచ్చి, ఆకృతి అంచులను ఆ ప్లేన్లకే బంధించాలి. పై వెడల్పు, లోతు పొలాన్ని బట్టి మారతాయి గనుక ఇన్‌స్టెన్స్ పారామీటర్లుగా ఉండాలి; పక్కల వాలు నేల స్వభావానిది గనుక టైప్ పారామీటర్ కావాలి. అడుగు వెడల్పును మాత్రం చేతితో నింపరాదు. వాలును లోతుతో హెచ్చించి, ఆ లబ్ధానికి రెట్టింపును పై వెడల్పు నుండి తీసివేసే సూత్రమే దానిని నిర్ణయించాలి.

ఈ బంధం లేని పటం రైతుకు నష్టం తెస్తుంది. 10 మీ. చదరపు కుంటకు వాలు 1.5:1, లోతు 2.5 మీ. అయితే అడుగు 2.5 మీ., నిల్వ 109.4 ఘ.మీ. లోతును 3 మీ.కు పెంచితే అడుగు 1 మీ.కు కుంచించుకుపోయి నిల్వ 111 ఘ.మీ. మాత్రమే అవుతుంది. అడుగు 2.5 మీ.గానే నిలిచిపోయిన పటం మరింత నిల్వ చూపుతుంది. గట్టి గరప పొరను తవ్విన ఖర్చు వృథా. 3.5 మీ. వద్ద అడుగు రుణ సంఖ్య అవుతుంది; కనుక లోతుకు గరిష్ఠ పరిమితిని సూత్రంలోనే చేర్చాలి.

అదే 2.5 మీ. లోతులో పై వెడల్పును 12 మీ. చేస్తే నిల్వ 181.9 ఘ.మీ. అయితే ఆవిరికి లోనయ్యే ఉపరితలం 100 నుండి 144 చ.మీ.కు పెరుగుతుంది.