ఆ మందుల సంచీ ఇలా పెట్టు

ముందు టీ తాగు, చల్లారిపోతోంది. అత్తయ్యగారి మందులన్నీ ఇందులోనే ఉన్నాయా? అబ్బో, కొత్త కోడలికి సారె సర్దినట్టుంది! గుండెకి ఒకాయన, షుగరుకి ఒకావిడ, మోకాళ్ళకి ఇంకొకాయన, గ్యాసుకి మరొకరు. ఎవరి చీటీ వాళ్ళదే. "ఏది వెయ్యాలో, ఏది మానాలో తెలీక నిద్ర పట్టట్లేదక్కా" అన్నావు చూడు, ఆ బెంగ నీ ఒక్కదానిదేనా? మనలో చాలామందికి ఇంట్లో ఈ మందుల ఉద్యోగం జీతం లేకుండానే వచ్చిపడింది.

మా అమ్మ సంగతి చెప్తా విను. బీపీకి అమ్లోడిపిన్ మొదలెట్టిన కొన్నాళ్ళకి పాదాలు వాచాయి. ఆ మాత్రతో కొందరికి అలా వాస్తుందట, మనకేం తెలుసు? వాపని ఇంకో డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. ఆయన నీరు పోవడానికి మాత్ర రాశారు. దాంతో ఒంట్లో పొటాషియం తగ్గి నీరసం, పిక్కలు పట్టెయ్యడం. లేస్తే కళ్ళు తిరగడం. దానికో మాత్ర! చివరికి మా వీధి చివర క్లినిక్‌లో పెద్ద డాక్టరుగారు సంచీ బల్ల మీద బోర్లించి, ఒక్కో స్ట్రిప్పూ చదివి, "వాపు ఈ మాత్రకి ముందా, తర్వాతా?" అని అడిగారు. మొదటిది మార్చారు, వెనకాల వచ్చిన రెండూ ఆపించారు. కొత్తగా ఒక్క స్కానింగూ రాయలేదు. అమ్మ మళ్ళీ మెట్టెక్కి తులసికోటకి నీళ్ళు పోసింది.

ఆయన బోర్డు మీద ఉండేది 'ఎం.డి., జనరల్ మెడిసిన్' అనే. పెద్దాసుపత్రుల్లో ఇప్పుడు 'ఇంటర్నల్ మెడిసిన్' అని రాస్తున్నారు, కంగారు పడకు, మన దగ్గర రెండూ ఒకటే. జనరల్ అంటే జలుబూ జ్వరాలకేగా అనుకుంటాం మనం. ఎం.బి.బి.ఎస్. తర్వాత మూడేళ్ళ చదువమ్మా అది. నువ్వు అపాయింట్‌మెంటు కోసం నెల్లాళ్ళు ఎదురుచూసే గుండె డాక్టరు కూడా చాలావరకు ఆ మెట్టెక్కాకే అటు వెళ్ళుంటారు.

అత్తయ్యగారికి అరికాళ్ళ తిమ్మిర్లు అన్నావు కదా. షుగరు వల్లే కావచ్చు. కానీ ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్ళలో కొందరికి బీ12 తగ్గినా అలాగే ఉంటుంది. మోకాళ్ళ నొప్పి మాత్రలేమో బీపీని పెంచగలవు, కిడ్నీకీ భారమే. ఇవన్నీ కలిపి చూసే కళ్ళు ఒక జత కావాలా వద్దా?

అమెరికాలో ఆసుపత్రిలో చేరిన మనిషిని మొత్తంగా చూసుకునే డాక్టరుకి 1996లో 'హాస్పిటలిస్ట్' అని పేరు పెట్టారు. వాళ్ళలో ఎక్కువమంది ఇంటర్నల్ మెడిసిన్ వాళ్ళే. మన దగ్గరా ఆయుష్షు పెరిగి, ఒక్కో మనిషికి మూడు నాలుగు జబ్బులు తోడయ్యాయి. ఇక ముందు వీళ్ళ అవసరం పెరిగేదే కానీ తగ్గేది కాదు. నా బాధల్లా ఒకటే. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ఎన్నో ఇళ్ళని నిలబెట్టింది, నిజమే. కానీ అది ఎక్కువగా ఆపరేషన్లకీ, ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికీ. సంచీ బోర్లించి అరగంట ఆలోచించే డాక్టరుకి ఏ ప్యాకేజీ ఉంది చెప్పు? మరి కుర్ర డాక్టర్లు ఇటు ఎందుకొస్తారు?

సరే, అది పైవాళ్ళు చూడాలి. మన పని మనం చేద్దాం. ఇంటికి దగ్గరలో మంచి జనరల్ ఫిజీషియన్‌ని చూసుకో. ఈ సంచీ మొత్తం పట్టుకెళ్ళు, ఆకుమందు పొడీ, పక్కింటావిడ ఇచ్చిన మాత్రలతో సహా. సిగ్గుపడకు. ఏ మాత్ర ఎప్పుడు మొదలైందో ఒక నోటుపుస్తకంలో రాయి. నీ అంతట నువ్వు మాత్రం ఏదీ ఆపకు, నా మీద ఒట్టు! ఛాతీలో నొప్పొచ్చినా, మూతి వంకరపోయినా ఇవేమీ వెతుక్కోకుండా 108కి ఫోన్ చెయ్యి.

అదిసరే, నీ బీపీ చూపించుకుని ఎన్నాళ్ళయింది? నవ్వకు. ముప్ఫై దాటినవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు ఊరికే చూస్తారు. రేపు పిల్లల్ని బడికి పంపాక వచ్చెయ్, నాది కూడా చూపించుకోవాలి.