నీళ్ళలోకి కెమెరా దింపే ముందు: ఫ్లాట్ పోర్టా, డోమ్ పోర్టా?

ఫ్రెండ్స్, పోర్ట్ అనగానే మన బ్రాంచ్ వాళ్ళకి 8080 గుర్తొస్తుంది. ఇక్కడ మాట్లాడేది ఆ పోర్ట్ గురించి కాదు. నీళ్ళలో వాడే కెమెరాని ఒక వాటర్‌ప్రూఫ్ డబ్బాలో పెడతారు కదా, ఆ డబ్బాకి ముందువైపు ఉండే పారదర్శకమైన కిటికీనే పోర్ట్ అంటారు. అండర్‌వాటర్ రోబో చేసే టీములు మోటార్లు, కోడ్, బ్యాటరీ గురించి నెలల తరబడి ఆలోచిస్తాయి. కిటికీ మాత్రం ఆఖరి వారంలో దొరికిన ఏదో ఒక ప్లాస్టిక్ ముక్కతో అయిపోతుంది. కానీ వీడియో బాగా రావాలా, పాడవ్వాలా అన్నది చాలావరకు ఆ ముక్క మీదే ఆధారపడి ఉంటుంది.

ఇది మనకెందుకు?

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వైపు ఏ ఫ్యాక్టరీకి వెళ్ళినా నీళ్ళ తొట్లు కనిపిస్తాయి. ఫైర్ వాటర్ సంపు, బోరు నీళ్ళ ట్యాంకు, వాడేసిన నీళ్ళని శుద్ధి చేసే ఈటీపీ తొట్లు. అడుగున ఎంత మడ్డి పేరుకుంది, గోడ ఎక్కడ పగిలింది, పైపు మూతి ఎక్కడ మూసుకుపోయింది అని అప్పుడప్పుడు చూడాలి. పాత పద్ధతి ఏమిటంటే ట్యాంకు ఖాళీ చేసి మనిషిని లోపలికి దింపడం. మూసి ఉన్న తొట్టిలో ఆక్సిజన్ తక్కువగా ఉండొచ్చు. మడ్డి కుళ్ళిన చోట హైడ్రోజన్ సల్ఫైడ్ ఉండొచ్చు. అందుకే 1948 ఫ్యాక్టరీల చట్టంలో 36వ సెక్షన్ ఇలాంటి చోట్లకి మనిషిని పంపడం మీద కట్టుబాట్లు పెట్టింది. సెప్టిక్ ట్యాంకులు, మురుగు కాలువల్లో ప్రమాదకరమైన పద్ధతిలో మనుషుల చేత శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది.

కెమెరా దిగితే మనిషి దిగక్కర్లేదు. అయితే ఒక షరతు ఉంది. స్క్రీన్ మీద బొమ్మ స్పష్టంగా ఉండాలి. "అది పగులా, లేక నీడా?" అని డౌట్ వస్తే, మళ్ళీ ఒకర్ని దింపి చూపిస్తారు. అంటే పోర్ట్ సరిగ్గా ఎంచుకోవడం ఫోటోగ్రఫీ సరదా ఒక్కటే కాదు.

వైడ్ యాంగిల్ ఎందుకు కావాలి?

మడ్డి నీళ్ళలో రూల్ ఒక్కటే: దగ్గరికి వెళ్ళు. లెన్స్‌కీ గోడకీ మధ్య ఎన్ని తక్కువ నీళ్ళుంటే బొమ్మ అంత బాగుంటుంది. దగ్గరికి వెళ్తే మరి గోడలో చిన్న ముక్కే కనిపిస్తుంది కదా? అందుకే వైడ్ యాంగిల్ లెన్స్.

ఇప్పుడు రిఫ్రాక్షన్ దగ్గరికి వద్దాం. తెలుగు మీడియం పుస్తకంలో దీన్ని వక్రీభవనం అంటారు, నిజానికి ఆ పేరులోనే విషయం మొత్తం ఉంది. నీటి వక్రీభవన గుణకం సుమారు 1.33, గాలిది దాదాపు 1. నీళ్ళలోంచి వచ్చిన కాంతి చదునైన కిటికీ దాటి డబ్బాలోని గాలిలోకి రాగానే వంగుతుంది. ఫలితంగా గాలిలో 90 డిగ్రీలు చూసే లెన్స్, ఫ్లాట్ పోర్ట్ వెనక పెడితే నీళ్ళలో 64 డిగ్రీలే చూస్తుంది. 120 డిగ్రీల లెన్స్ 81కి పడిపోతుంది. ఎంత ఖరీదైన ఫిష్‌ఐ లెన్స్ పెట్టినా ఫ్లాట్ పోర్ట్ దాటి సుమారు 97 డిగ్రీలకి మించి చూడలేదు. పైగా అంచుల్లో ఎరుపు, నీలం విడిపోయి రంగుల గీతలు వస్తాయి.

ఈ తేడా బొమ్మలో ఎంత? ఒక లెక్క వేద్దాం. మనకి 1 మీటరు వెడల్పు గోడ ఫ్రేములో పట్టాలి. 90 డిగ్రీల చూపు ఉంటే 50 సెంటీమీటర్ల దూరం చాలు. 64 డిగ్రీలే ఉంటే 80 సెంటీమీటర్లు వెనక్కి రావాలి. నీళ్ళు ఎంత మురికిగా ఉన్నాయంటే 1 మీటరు దూరంలో కాంట్రాస్ట్ 4 శాతమే మిగులుతుంది అనుకుందాం. దూరంతో పాటు కాంట్రాస్ట్ ఘాతీయంగా తగ్గుతుంది కాబట్టి, 50 సెంటీమీటర్ల దగ్గర 20 శాతం మిగులుతుంది, 80 దగ్గర సుమారు 8 శాతం. అదే లెన్స్, అదే గోడ. కిటికీ ఆకారం ఒక్కటే మారింది.

గుమ్మటం చేసే పని

డోమ్ పోర్ట్ అంటే అర్ధగోళం, చిన్న గుమ్మటం. లెన్స్ ఎంట్రన్స్ ప్యూపిల్ సరిగ్గా ఆ గోళం కేంద్రంలో ఉంటే, కేంద్రం వైపు వచ్చే ప్రతి కిరణం గుమ్మటాన్ని నిలువుగా తాకుతుంది. నిలువుగా తాకిన కిరణం వంగదు. కాబట్టి 90 డిగ్రీలు 90 డిగ్రీలుగానే ఉంటాయి.

కానీ ఫ్రీగా ఏదీ రాదు. నీళ్ళలో డోమ్ ఒక పుటాకార కటకంలా పనిచేస్తుంది. ఎక్కడో దూరాన ఉన్న వస్తువు కూడా డోమ్ ముందు, దాని వ్యాసార్థానికి 3 రెట్ల దూరంలో ఉన్నట్టు లెన్స్‌కి కనిపిస్తుంది. రోబోల్లో మామూలుగా వాడే 4 అంగుళాల డోమ్ తీసుకోండి. వ్యాసార్థం సుమారు 5 సెంటీమీటర్లు. అంటే అనంత దూరం డోమ్ ముందు 15 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చేసింది! 30 సెంటీమీటర్ల దూరంలోని వస్తువు 9 సెంటీమీటర్ల దగ్గర ఉన్నట్టుంటుంది. దూరానికి ఫోకస్ ఫిక్స్ చేసిన కెమెరాని ఇందులో పెడితే అంతా మసకే. గోప్రో హీరో 2 కాలంలో వచ్చిన వంపు కిటికీ కేసులు నీళ్ళలో మసకగా తీయడం, తర్వాత ఆ కంపెనీ ఫ్లాట్ కిటికీతో డైవ్ కేసు తేవడం ఈ గొడవ వల్లే.

పరిష్కారం సింపుల్. లెన్స్ తిప్పి ఫోకస్ మార్చుకునే కెమెరా తీసుకోండి. గాలిలో డోమ్ ప్రభావం దాదాపు ఉండదు కాబట్టి, డోమ్ ముందు 11, 12 సెంటీమీటర్ల దూరంలో ఒక పేపర్ పెట్టి, అక్షరాలు స్పష్టంగా కనిపించే దాకా లెన్స్ తిప్పి ఫిక్స్ చేయండి. తర్వాత డ్రమ్ములో నీళ్ళు పోసి ఒకసారి చెక్ చేయండి. పెద్ద డోమ్ అయితే ఫోకస్ సులువు, కానీ లోపల గాలి ఎక్కువై రోబో ముక్కు పైకి లేస్తుంది, ముందువైపు బరువు కట్టాలి.

మన సీఎస్ఈ వాళ్ళకి ఇంకో మాట. ఓపెన్‌సీవీలో చదరంగం బల్లతో గదిలో చేసిన కాలిబ్రేషన్ ఫ్లాట్ పోర్ట్‌కి నీళ్ళలో పనికిరాదు. బల్లని లామినేట్ చేసి నీళ్ళలోనే ఫోటోలు తీయాలి. డోమ్‌కి కూడా కేంద్రం కొంచెం తప్పితే తేడా వస్తుంది, కాబట్టి దానికీ నీళ్ళలో చేయడమే మంచిది.

గాజా, యాక్రిలికా?

ఇది మీ నీళ్ళని బట్టి ఉంటుంది. మంచినీళ్ళ సంపు, ఈత కొలను, చెరువుకి యాక్రిలిక్ చాలు. చౌక, తేలిక, గీత పడితే 2000, 3000 నంబర్ నీటి ఎమరీ పేపర్‌తో రుద్ది ప్లాస్టిక్ పాలిష్ పెట్టొచ్చు. గాజు మీద అంత తొందరగా గీతలు పడవు, కానీ పడితే మనం ఇంట్లో బాగు చేయలేం. బరువు, ధర రెండూ ఎక్కువ.

మన ఏరియాలో అసలు శత్రువు సాల్వెంట్లు. ఫార్మా యూనిట్ల మధ్య ఉంటాం కాబట్టి తుడవడానికి అసిటోన్, ఐపీఏ సులువుగా దొరుకుతాయి. యాక్రిలిక్ మీద అసిటోన్ పడితే ఉపరితలం కరిగి తెల్లబడుతుంది. ఆల్కహాల్‌తో పదే పదే తుడిస్తే వెంట్రుకల్లాంటి సన్నటి పగుళ్ళు వస్తాయి, ఒత్తిడిలో అవే పెద్దవవుతాయి. అమ్మోనియా ఉన్న గాజు క్లీనర్, థిన్నర్, పెట్రోల్ కూడా వద్దు. నీళ్ళలోనే సాల్వెంట్ ఉండే అవకాశముంటే గాజు కిటికీ, ఆ సాల్వెంట్‌ని తట్టుకునే ఓ-రింగ్ వాడాలి. రియాక్టర్లకి ఉండే సైట్ గ్లాస్ గాజుతో చేసేది ఇందుకే. ఆవిర్లు అంటుకునే చోట ఫ్లేమ్‌ప్రూఫ్ పరికరాలే వాడాలి, మన స్టూడెంట్ రోబోని అక్కడ అస్సలు దింపకూడదు.

కాపాడుకోవడం

గీత బయట పడితే కొంత నయం. యాక్రిలిక్ గుణకం 1.49, నీటిది 1.33. రెండూ దగ్గర కాబట్టి నీళ్ళు ఆ గీతలో నిండి దాన్ని చాలావరకు దాచేస్తాయి. లోపలి వైపు గాలి ఉంటుంది, అక్కడ పడ్డ గీత ప్రతి ఫ్రేములో కనిపిస్తుంది. కాబట్టి లోపలి వైపు వేళ్ళు, గుడ్డ, స్క్రూడ్రైవర్ ఏవీ తగలనివ్వొద్దు.

బయటికి తీయగానే ముందు మంచినీళ్ళు పోసి కడగాలి, తర్వాతే మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ. ఒండ్రు మట్టిలో ఇసుక ఉంటుంది, పొడిగా తుడిస్తే మనమే ఎమరీ పేపర్ పట్టినట్టు. బోరు నీళ్ళ చుక్కలు ఎండితే తెల్ల మరకలు పడతాయి, చివర ఒకసారి ఆర్వో నీళ్ళతో కడిగితే సరిపోతుంది. నీళ్ళలో లేనప్పుడు డోమ్ మీద మెత్తటి సంచి ఉండాలి. పాత ఉన్ని టోపీ అయినా చాలు. డోమ్ నేలకి ఆనేలా ఎప్పుడూ పెట్టకండి, ఎండలో వదిలేయకండి.

ఓ-రింగ్ మీద ఒక్క వెంట్రుక ఉన్నా నీళ్ళు లోపలికి వస్తాయి. నైట్రైల్ రింగుకి సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. సిలికాన్ రింగుకి మాత్రం ఆ గ్రీజు వద్దు, ఉబ్బిపోతుంది. ఏసీ గదిలో, సిలికా జెల్ ప్యాకెట్ వేసి మూస్తే లోపల ఆవిరి పట్టదు. మొదటిసారి కెమెరా లేకుండా టిష్యూ పేపర్ పెట్టి ముంచండి. పేపర్ పొడిగా ఉంటేనే కెమెరా.

ఎక్కడ ఆగాలి?

ఏ పోర్ట్ అయినా నీళ్ళలో కాంతి ఉన్నంతవరకే పనిచేస్తుంది. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగినప్పుడు నది వరదలో ఉంది, బోటు 200 అడుగులకి పైగా లోతులో ఉంది. అలాంటి చోట వెతకడానికి సోనార్ వాడారు. చివరికి అక్టోబర్ 22న ధర్మాడి సత్యం బృందం తాళ్ళు, లంగర్లతో బోటుని బయటికి లాగింది. ధ్వని పని ధ్వనిది, కాంతి పని కాంతిది.

ఇంకొకటి, సంగారెడ్డి పక్కనే ఉందని మంజీర బ్యారేజీలో టెస్టింగ్ పెట్టుకోకండి. అది అభయారణ్యం, అందులో మొసళ్ళున్నాయి, పైగా అవి తాగే నీళ్ళు. అనుమతి లేకుండా సింగూరు కూడా వద్దు. 200 లీటర్ల డ్రమ్ము, తర్వాత ఈత కొలను, తర్వాత అనుమతి తీసుకున్న సంపు, ఈ వరసలో వెళ్ళండి.

ఒక టెస్ట్ పెట్టుకోండి. సంపు గోడకి 50 సెంటీమీటర్ల దూరంలో రోబోని ఆపి, ఫ్రేము మధ్యలోనే కాదు, నాలుగు మూలల్లోనూ సన్న పగులు కనిపిస్తోందా చూడండి. కనిపిస్తే, ట్యాంకు పైన నిల్చున్న సూపర్‌వైజర్ ఆ స్క్రీన్ చూసి "ఎవరూ దిగక్కర్లేదు" అని ధైర్యంగా చెప్పగలడు.