కాలిఫోర్నియాలో సైన్‌బోర్డు నిబంధనల సవరణ: వ్యాపారులు తరచూ అడిగే ప్రశ్నలు

కాలిఫోర్నియా నగరాల్లో దుకాణమో, రెస్టారెంటో, ట్యూషన్ సెంటరో నడిపే తెలుగువారి కోసం ఈ సమాధానాలు. ఇక్కడ "సైన్‌బోర్డు" అంటే వ్యాపారం జరిగే చోటనే, ఆ వ్యాపారాన్ని తెలియజేస్తూ పెట్టిన బోర్డు. "సవరణ" అంటే జోనింగ్ నిబంధనల్లో భాగమైన సైన్‌బోర్డు నిబంధనలను మార్చే ఆర్డినెన్స్. కింద చెప్పిన ఆమోద దశలు రాష్ట్ర సాధారణ చట్టం కింద నడిచే నగరాలకు వర్తిస్తాయి. సొంత చార్టర్ ఉన్న నగరాల్లో కొన్ని వేరుగా ఉండవచ్చు. మీ నగరం ఏ కోవలోదో ముందుగా సిటీ క్లర్క్‌ను అడగండి.

1. సవరణ ఏ దశల్లో ఆమోదం పొందుతుంది?
ప్లానింగ్ కమిషన్ బహిరంగ విచారణ జరిపి, లిఖితపూర్వక సిఫారసు పంపాలి. తర్వాత సిటీ కౌన్సిల్ బహిరంగ విచారణ జరపాలి. సవరణను ప్రవేశపెట్టాక 5 రోజుల లోపు ఆమోదించకూడదు. అందువల్ల సాధారణంగా రెండు సమావేశాలు అవసరమవుతాయి. ఆమోదించిన 30 రోజులకు అది అమల్లోకి వస్తుంది. ఒక మినహాయింపు ఉంది: ప్రజల భద్రతకు తక్షణ ముప్పు ఉందని నిర్ధారించి, ఐదింట నాలుగు వంతుల ఓట్లతో సిటీ కౌన్సిల్ తాత్కాలిక అత్యవసర ఆర్డినెన్స్ తేవచ్చు. అది వెంటనే అమలవుతుంది. పొడిగించకపోతే 45 రోజులకు ముగుస్తుంది.

2. నాకు నోటీసు వస్తుందా?
రాకపోవచ్చు. బహిరంగ విచారణకు కనీసం 10 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కొన్ని రకాల సవరణలకు ఇంకా ముందే ఇవ్వాలి. అయితే అది పత్రికా ప్రకటనగా మాత్రమే వెలువడవచ్చు. నోటీసులు పంపమని సిటీ క్లర్క్‌కు లిఖితపూర్వకంగా కోరితే మీకు విడిగా పంపాలి. ఇందుకు రుసుము ఉండవచ్చు. సాధారణ సమావేశపు ఎజెండాను 72 గంటల ముందు, ప్రత్యేక సమావేశపు ఎజెండాను 24 గంటల ముందు ప్రదర్శించాలి.

3. పౌరసత్వం లేనివారు బహిరంగ విచారణలో మాట్లాడవచ్చా?
మాట్లాడవచ్చు. ఈ హక్కు ఓటర్లకే కాక ప్రజలందరికీ ఉంది. వీసాపై ఉన్నవారికీ, గ్రీన్ కార్డు ఉన్నవారికీ వర్తిస్తుంది. తెలుగులో మాట్లాడి దుబాసీ సాయం తీసుకునేవారికి, సమయ పరిమితి ఉన్నచోట, కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలి. ఏకకాలంలో అనువదించే పరికరాలు ఏర్పాటు చేసినప్పుడు ఈ నియమం వర్తించదు.

4. ఇప్పుడు ఊరుకుని, తర్వాత కోర్టుకు వెళ్లవచ్చా?
అది ప్రమాదకరం. సాధారణంగా, బహిరంగ విచారణలో గానీ, అది ముగిసేలోగా అందజేసిన లేఖలో గానీ లేవనెత్తిన అంశాలనే కోర్టు పరిశీలిస్తుంది. అప్పట్లో ఆ అంశాన్ని సహేతుకంగా లేవనెత్తడం సాధ్యం కాకపోతేనో, మాట్లాడనివ్వకపోతేనో మినహాయింపు ఉంటుంది. సిటీ కౌన్సిల్ నిర్ణయం నుంచి 90 రోజుల్లో దావా వేయడమే కాదు, నగరానికి సమన్లు అందజేయడమూ పూర్తి కావాలి.

5. సవరణ వచ్చాక నా పాత సైన్‌బోర్డు తీసేయాలా?
అప్పటి నిబంధనల ప్రకారం చట్టబద్ధంగా పెట్టిన సైన్‌బోర్డును, న్యాయమైన పరిహారం చెల్లించకుండా తీయించడానికి సాధారణంగా వీల్లేదు. మినహాయింపులు ఉన్నాయి. 90 రోజులకు తగ్గకుండా వాడకం ఆగిపోయిన సైన్‌బోర్డుకు, ప్రజలకు ప్రమాదకరమైన సైన్‌బోర్డుకు, సగానికి మించి ధ్వంసమై 30 రోజుల్లో బాగుచేయలేని సైన్‌బోర్డుకు ఈ రక్షణ ఉండదు. ఇవి కాక మరికొన్ని కూడా ఉన్నాయి. సైన్‌బోర్డును చట్టబద్ధంగానే పెట్టారని చూపడానికి అనుమతి పత్రం నకలు తప్పక భద్రపరచండి.

6. తెలుగు అక్షరాలను నగరం నిషేధించగలదా?
సైన్‌బోర్డులో విదేశీ లిపి ఉంటే కనీసం సగం ఆంగ్ల అక్షరాలకు కేటాయించాలన్న పొమోనా నగర ఆర్డినెన్స్‌ను 1989లో ఫెడరల్ కోర్టు కొట్టివేసింది. అరిజోనాలోని గిల్బర్ట్ పట్టణ కేసులో, రాసిన విషయాన్ని బట్టి బోర్డులకు వేర్వేరు నిబంధనలు పెడితే అత్యంత కఠినమైన పరీక్షకు నిలవాలని 2015లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పరిమాణం, ఎత్తు, వెలుతురు, స్థలాలపై అందరికీ ఒకేలా వర్తించే పరిమితులను మాత్రం నగరం పెట్టవచ్చు.

7. ఫ్రాంచైజీ రంగులు మార్చమంటే?
ఫెడరల్ రిజిస్ట్రేషన్ ఉన్న ట్రేడ్‌మార్క్ రంగులను మార్చమని నగరం బలవంతపెట్టలేదని 1998లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. కాలిఫోర్నియా దాని పరిధిలోనే ఉంది. అయితే బయట ఆ గుర్తు ప్రదర్శనను పూర్తిగా నిరాకరించే అధికారం నగరానికి ఉందని కూడా అదే తీర్పు చెప్పింది.

8. ఆమోదించిన సవరణను ఓటర్లు ఆపగలరా?
ఆపగలరు. ఆమోదించిన సవరణను సిటీ క్లర్క్ ధ్రువీకరించిన తేదీ నుంచి 30 రోజుల్లో, నగరంలో నమోదైన ఓటర్లలో కనీసం 10 శాతం మంది సంతకాలతో పిటిషన్ ఇవ్వాలి. అప్పుడు అమలు నిలిచిపోతుంది. సిటీ కౌన్సిల్ సవరణను రద్దు చేయాలి లేదా ఓటుకు పెట్టాలి. అత్యవసర ఆర్డినెన్స్‌కు ఇది వర్తించదు. ఓటరు కానివారు సంతకం చేయకూడదు.

9. ఇప్పుడే ఏం చేయాలి?
అనుమతి పత్రం నకలు, తేదీతో సైన్‌బోర్డు ఫొటోలు, లీజులోని సైన్‌బోర్డు షరతులు ఒకచోట పెట్టండి. సవరణ ముసాయిదాలో అభ్యంతరకరమైన ప్రతి అంశాన్నీ లేఖలో విడివిడిగా రాసి, బహిరంగ విచారణకు ముందే సిటీ క్లర్క్‌కు అందజేసి రసీదు తీసుకోండి. మీ సైన్‌బోర్డును తీసేయమని గానీ, మార్చమని గానీ నోటీసు వచ్చి ఉంటే, అందులోని అప్పీలు గడువు ముగియకముందే న్యాయవాదిని కలవండి.