ఒక్క సంవత్సరపు మాస్టరు పట్టము

మన పాఠశాలలోని పై తరగతుల విద్యార్థులును, వారికంటె ఎక్కువగా వారి తల్లిదండ్రులును, తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. మన దేశమున రెండేండ్లు చదువు ఎం.ఏ.ను ఇంగ్లండులో ఒక్క యేడాదిలో ఎట్లు ముగింతురు? అది సగము చదువు కాదా? ఈ సందేహము సహజమైనదే. అచటికి పోవుట మిక్కిలి ధనవ్యయముతో కూడిన పని. పొలము కుదువబెట్టి పిల్లలను పంపువారును కలరు. కావున ఆ చదువు స్వరూపమును పోకముందే ఎరుగుట మేలు.

ముందు పేరును గూర్చి ఒక మాట. బ్రిటనులో ఎం.ఏ. అను పేరు గల పట్టములన్నియు ఒక్కటి కావు. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములలో బి.ఏ. పొందినవారికి కొన్ని యేండ్లు గడచిన పిమ్మట వేరు పరీక్ష లేకయే ఎం.ఏ. ఇచ్చు పాత సంప్రదాయము నేటికిని కలదు. స్కాట్లండులోని పురాతన విశ్వవిద్యాలయములలో కళావిషయములందు నాలుగేండ్లు చదివి పొందు మొదటి పట్టమునకే ఎం.ఏ. అని పేరు. మేమిచట చెప్పునది వీనిని గూర్చి కాదు. మొదటి పట్టము ముగించినవారు తరగతులలో పాఠములు విని, పరీక్షింపబడి పొందు మాస్టరు పట్టమును గూర్చి.

ఈ చదువును క్రెడిట్లతో కొలుతురు. ఇంగ్లండులో మాస్టరు పట్టమునకు 180 క్రెడిట్లు వలయును. ఒక క్రెడిటు అనగా విద్యార్థి పది గంటల శ్రమ అని లెక్క. మొత్తము 1800 గంటలు. బి.ఏ.లో ఒక సంవత్సరమునకు 120 క్రెడిట్లే. తక్కిన 60 ఎచటినుండి వచ్చినవి? వేసవి సెలవులనుండి. సెప్టెంబరు చివర మొదలైన చదువు మరుసటి ఆగస్టు, సెప్టెంబరు నెలల వరకు సాగును. నడుమ క్రిస్మసునకు, ఈస్టరునకు విరామము కలదు గాని, ఆ దినములలోనే వ్యాసములు వ్రాయవలసియుండును. 1800 గంటలను 45 వారములకు పంచినచో వారమునకు 40 గంటలు. ఇది సగము చదువు కాదు. ఊపిరి సలుపని చదువు.

సాధారణముగా 120 క్రెడిట్లు పాఠములకును, 60 క్రెడిట్లు డిసర్టేషను అను పరిశోధన వ్యాసమునకును కేటాయింతురు. పాఠములను మాడ్యూళ్లుగా విభజింతురు. ఉదాహరణకు 20 క్రెడిట్ల మాడ్యూలు ఒకటి తీసికొందము. దానికి 200 గంటలు. చరిత్ర వంటి విషయములో వారమునకు రెండు గంటల చొప్పున పది వారములు తరగతి జరిగినచో, ఉపాధ్యాయుని ఎదుట గడచినవి 20 గంటలే. తక్కిన 180 గంటలును విద్యార్థివి, గ్రంథాలయమువి. తరగతులు తక్కువ గదా యని తీరికగా నుండువారు మొదటి టర్మునందే చిక్కుకొందురు.

పరీక్షావిధానము మన పిల్లలకు మరింత కొత్త. విజ్ఞానశాస్త్రములు, అర్థశాస్త్రము వంటి విషయములలో వ్రాతపరీక్షలు గలవు గాని, కళావిషయములందు చాలవరకు వ్యాసములతోనే మాడ్యూలు ముగియును. అచట అడుగునది జ్ఞాపకశక్తిని కాదు. భారతదేశ చరిత్రలో ఇట్టి ప్రశ్న వచ్చినదనుకొందము: “1956 నాటి రాష్ట్రముల పునర్విభజనకు భాషయే ఆధారమా?” తేదీలను వరుసగా వ్రాసినంత మాత్రమున మార్కులు రావు. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఇటును, బళ్లారి పట్టణముతో కూడ అధికభాగము మైసూరునకును పోయిన సంగతిని చూపి, రెండు భాషలు కలసియున్న చోట గీత ఎట్లు గీచిరి, ఎవరేమని వాదించిరి, ఏ వాదము నిలుచును అని తర్కించినవారికే మంచి మార్కులు. సరిహద్దున పెరిగిన మన పిల్లలకు ఇట్టి ప్రశ్నలో చెప్పుటకు చాల కలదని మా తలంపు.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. పుస్తకములోని వాక్యమును ఉన్నది ఉన్నట్లు అప్పగించిన విద్యార్థిని మన బడులలో మెచ్చుకొందురు. అచట ఇతరుల వాక్యమును ఎచటిదో చెప్పక తన వ్యాసమున చేర్చినచో అది గ్రంథచౌర్యము. సున్న మార్కులు రావచ్చును. నేరము పెద్దదైనచో విశ్వవిద్యాలయమునుండి తొలగింపవచ్చును. తెలియక చేసితినను మాట సాధారణముగా చెల్లదు.

మార్కులను చదువు తీరు వేరు. నూటికి 50 ఉత్తీర్ణత, 60 మెరిట్, 70 డిస్టింక్షన్. ఇచట 90కి అలవాటుపడినవాడు అచట 64 చూచి కుంగిపోవును. నిజమునకు అది మంచి మార్కు. వ్యాసములలో 80 దాటుట అరుదు. ఒకరు దిద్దిన పత్రములను మరియొకరు సరిచూతురు. అంతేగాక వేరొక విశ్వవిద్యాలయమునుండి పిలువబడిన బాహ్య పరీక్షకుడు మచ్చునకు కొన్ని పత్రములు చదివి, ప్రమాణము సరిగానున్నదా లేదా అని తెలుపును. ఈ యేర్పాటు మాకు మిక్కిలి నచ్చినది.

డిసర్టేషను వేసవిలో వ్రాయునది. పర్యవేక్షకుడు దారిచూపును గాని వ్రాసిపెట్టడు. పది పదునైదు వేల మాటల వ్యాసము సామాన్యము. మొత్తపు మార్కులో దీని బలము చూడుడు. పాఠములలో సగటున 64, డిసర్టేషనులో 72 వచ్చినచో, 120ని 64తోను, 60ని 72తోను హెచ్చించి, కూడి, 180తో భాగింపగా సుమారు 66.7 వచ్చును. అనగా మెరిట్. డిసర్టేషను ఎంత బాగున్నను, పాఠముల కొరతను అది యొక్కటే తీర్పలేదు.

ఒక మాడ్యూలు తప్పినవారికి సాధారణముగా మరియొక అవకాశ మిత్తురు; రెండవసారి ఎంత బాగుగా వ్రాసినను లెక్కకు వచ్చునది పెక్కుచోట్ల 50 మాత్రమే. డిసర్టేషను పూర్తిచేయలేక 120 క్రెడిట్లు మాత్రము సాధించినవారికి పోస్టుగ్రాడ్యుయేట్ డిప్లొమాయు, 60 సాధించినవారికి సర్టిఫికెట్టును ఇచ్చు పద్ధతి కలదు. మన దేశమునను 2020 నాటి జాతీయ విద్యావిధానము, నాలుగేండ్ల మొదటి పట్టము పొందినవారికి ఒక్క సంవత్సరపు మాస్టరు పట్టమును అనుమతించినది. కావున నేడు ఎనిమిదవ, తొమ్మిదవ తరగతులలో నున్నవారికి ఈ లెక్కలు సముద్రము దాటకయే అవసరము కావచ్చును.