ముత్తాతల ఊరు

“మీదే ఊరు?” అని ఎవరైనా అడిగితే ఇప్పుడున్న ఊరి పేరు చెబుతాం. “అసలు మీదే ఊరు?” అని అడిగితే మాత్రం ఒక్క క్షణం ఆగుతాం. హోసూరులోనో, బరంపురంలోనో, కోలారులోనో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు ఈ రెండో ప్రశ్న కొత్త కాదు. మన తాతల తాతలు ఎక్కడి నుంచో వచ్చారని ఇంట్లో పెద్దలు చెప్పగా వింటూ ఉంటాం. ఆ ‘ఎక్కడి నుంచో’ అన్నది ఎక్కడో తెలుసుకోవాలని బయలుదేరిన ఒక పెద్దమనిషి కథ ఇది. ఆయన మన దేశం వాడు కాడు. అయినా ఆయన పడిన ఆరాటం మనకు తెలిసినదే.

ఆయన పేరు బెంజమిన్ ఫ్రాంక్లిన్. మెరుపులో ఉన్నది విద్యుత్తేనని చెప్పిన శాస్త్రజ్ఞుడిగా మీరు ఆయన పేరు విని ఉంటారు. 1706లో అమెరికాలోని బోస్టన్ నగరంలో పుట్టాడు. తండ్రి జోసయా కొవ్వొత్తులు, సబ్బులు తయారుచేసి అమ్మేవాడు. (ఆ రోజుల్లో కొవ్వొత్తిని నిజంగా పశువుల కొవ్వుతోనే చేసేవారు. ఇప్పుడు మైనంతో చేస్తున్నా మన భాష ఆ పాత పేరును వదలలేదు.) జోసయాకు పదిహేడుగురు సంతానం. కొడుకుల్లో చివరివాడు బెంజమిన్.

జోసయా పుట్టింది మాత్రం సముద్రానికి అవతల, ఇంగ్లండులోని ఎక్టన్ అనే చిన్న పల్లెలో. ప్రభుత్వం ఆమోదించిన చర్చికి వెళ్ళకుండా వేరుగా ప్రార్థనలు జరుపుకునేవారిని ఆనాటి చట్టం వేధించేది. అందువల్ల 1683 ప్రాంతంలో ఆయన భార్యనూ ముగ్గురు పిల్లలనూ వెంటబెట్టుకొని ఓడ ఎక్కాడు. ఆయన వృత్తి బట్టలకు రంగులద్దడం. బోస్టనులో ఆ పనికి గిరాకీ లేకపోవడంతో కొవ్వొత్తుల పనిలోకి దిగాడు.

1757లో పెన్సిల్వేనియా శాసనసభ ప్రతినిధిగా బెంజమిన్ లండన్ నగరానికి వచ్చాడు. మరుసటి సంవత్సరం వేసవిలో కొడుకు విలియంను తీసుకొని తండ్రి పుట్టిన ఊరు చూడటానికి బయలుదేరాడు. అప్పటికి ఆయన వయస్సు 52 సంవత్సరాలు. వారి వెంట పీటర్ అనే సేవకుడు కూడా ఉన్నాడు.

ముందుగా వారు ఎక్టనుకు దగ్గరలోని వెల్లింగ్‌బరో పట్టణానికి వెళ్ళారు. జోసయా పెద్దన్న కూతురు మేరీ ఒకప్పుడు ఆ ఊరి ఆయననే పెళ్ళాడింది. బెంజమిన్‌కు ఆమె పెదనాన్న కూతురు, అంటే అక్క వరస. దాదాపు ముప్ఫై సంవత్సరాలుగా ఆ ఇంటితో ఉత్తర ప్రత్యుత్తరాలు లేవు. భార్యాభర్తలు ఇద్దరూ బతికి ఉంటారని ఆయన అనుకోలేదు. వారి పిల్లలెవరైనా ఉన్నారేమోనని వాకబు చేశాడు. చిత్రమేమిటంటే పిల్లలు లేరు, వృద్ధ దంపతులే ఉన్నారు! వారికి ఒక్కతే కూతురు. పెళ్ళి కాకుండానే ముప్ఫై ఏళ్ళ వయస్సులో చనిపోయింది. ఎనభై దాటిన మేరీకి పినతండ్రి కుటుంబం అమెరికాకు తరలిపోయిన సంగతి ఇంకా జ్ఞాపకం ఉంది. అప్పుడామె పదేళ్ళ పిల్ల. ఎన్నడూ చూడని తమ్ముడు వాకిట్లో నిలబడితే ఆమె ఎంతో సంతోషించింది. తన దగ్గర దాచుకున్న పాత ఉత్తరాలు ఆయన చేతిలో పెట్టింది. మిగిలిన బంధువులు ఎక్కడెక్కడ ఉన్నారో చెప్పింది.

అక్కడి నుంచి ఎక్టన్ వెళ్ళారు. ఫ్రాంక్లిన్ వంశం వారు ఆ ఊళ్ళో కనీసం మూడు వందల సంవత్సరాలు ఉన్నారట. సొంత హక్కు గల ముప్ఫై ఎకరాల పొలం, దానికి తోడు కమ్మరి కొలిమి వారి జీవనాధారం. పెద్దకొడుకు కమ్మరిపని నేర్చుకోవడం ఆ ఇంటి ఆనవాయితీ. బెంజమిన్ వెళ్ళేసరికి పొలం వేరొకరి కమతంలో కలిసిపోయింది. పాత రాతి ఇల్లు శిథిలావస్థలో ఉంది. అందులో ఒక బడి నడుస్తోంది. అయినా ఊరివారు దానిని ఫ్రాంక్లిన్ వారి ఇల్లు అనే పిలుస్తున్నారు. ఇల్లు చేతులు మారినా పేరు మారకపోవడం మన పల్లెల్లోనూ చూస్తూనే ఉంటాం కదా!

ఇంగ్లండులో ప్రతి చర్చిలోనూ బాప్తిస్మాలు, వివాహాలు, ఖననాలు ఒక పుస్తకంలో రాసి ఉంచాలని 1538లో ఎనిమిదవ హెన్రీ రాజు కాలంలో ఆజ్ఞ వెలువడింది. ఆ పుస్తకాల్లో జమీందారు పేరు పక్కనే కూలివాని పేరూ కనిపిస్తుంది. ఎక్టన్ చర్చి పుస్తకంలో 1555 నుంచి ఉన్న వివరాలు బెంజమిన్‌కు దొరికాయి. అవి చదువుతూ ఉండగా ఒక వింత బయటపడింది. అయిదు తరాలుగా చిన్నకొడుకుకు చిన్నకొడుకుగా వస్తున్న వరుసలో తాను పుట్టాడు! ఇల్లూ పొలమూ పెద్దకొడుకు పాలు. చిన్నవారు బతుకుదెరువు వెతుక్కోవలసిందే. ఆయన తండ్రి తరంలో నలుగురు అన్నదమ్ములు ఉంటే, పెద్దవాడు ఊళ్ళో ఉండిపోయాడు. తక్కిన ముగ్గురూ అద్దకం పని నేర్చుకొని ఊరు విడిచారు. వలస వెనుక మత కారణమే కాదు, ఇటువంటి కారణమూ ఉంటుంది.

చర్చి గురువు గారి భార్య కలుపుగోలు మనిషి. ఆమె వారిని శ్మశానవాటికకు తీసుకువెళ్ళి ఫ్రాంక్లిన్ వారి సమాధులు చూపించింది. రాళ్ళకు నాచు పట్టి అక్షరాలు కనిపించలేదు. ఆమె గట్టి బ్రష్షు, నీళ్ళ పళ్ళెం తెప్పించింది. పీటర్ రాళ్ళను రుద్ది కడిగాడు. విలియం ఆ అక్షరాలను కాగితం మీదికి ఎక్కించుకున్నాడు.

ఇక్కడ పీటర్‌ను గురించి ఒక మాట చెప్పాలి. అతడు జీతానికి కుదిరిన సేవకుడు కాడు, ఫ్రాంక్లిన్ వారి బానిస. యజమాని తాతల పేర్లను నాచు కింది నుంచి వెలికి తీసినవాడు అతడే. ఆఫ్రికా నుంచి ఓడల్లో తరలించిన బానిసల్లో చాలామందికి ఇటువంటి రాయీ లేదు, పుస్తకమూ లేదు. సరుకుల లెక్కల్లో అంకెలుగా మిగిలారు. అదే ఫ్రాంక్లిన్ 1787లో పెన్సిల్వేనియాలో బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఎక్టన్ శ్మశానంలో మాత్రం ఆ ఆలోచన ఆయనకు వచ్చినట్లు కనబడదు.

రాళ్ళూ పుస్తకాలూ పేర్లు, తేదీలు ఇచ్చాయి. మనుషులు ఎటువంటివారో చెప్పింది ఆ గురువు గారి భార్యే. ఊళ్ళో ఉండిపోయిన పెదనాన్న థామస్ కథలు ఆమె ఎన్నో చెప్పింది. కమ్మరిగా పెరిగిన ఆయన స్వయంకృషితో చదువుకొని దస్తావేజులు రాసేవాడయ్యాడు. చందాలు పోగుచేసి చర్చి గోపురంలో పాట పలికే గంటలు పెట్టించాడు. ఏటి వరదలో మునిగే పచ్చిక బయళ్ళను కాపాడే సులువైన ఉపాయం కనిపెట్టాడు. అది ఎలా సాధ్యమో ఎవరికీ అర్థం కాకపోయినా, ఫ్రాంక్లిన్ చెప్పాడంటే అయి తీరుతుందని జనం నమ్మారట. వింటున్న విలియం ఆశ్చర్యపోయాడు. ఆ గుణాలన్నీ తన తండ్రివే! పైగా థామస్ మరణించింది పాత పంచాంగం ప్రకారం 1702 జనవరి 6న. సరిగ్గా నాలుగేళ్ళకు అదే తేదీన బెంజమిన్ పుట్టాడు. అదే రోజున మరణించి ఉంటే పెదనాన్న ఆత్మే తండ్రిలో ప్రవేశించిందని అనుకోవచ్చునని కొడుకు అన్నాడట. పునర్జన్మ మాట మనకు కొత్త కాదు గాని, ఇంగ్లండు చర్చి నీడలో వినిపించడం తమాషాగా లేదూ!

బైబిలును ఇంగ్లీషులో చదవడం ప్రమాదకరమైన మేరీ రాణి కాలంలో (1553–1558) ఆ ఇంటివారు పుస్తకాన్ని పీట అడుగున నాడాలతో కట్టి దాచేవారట. ఇంటిపెద్ద పీటను మోకాళ్ళ మీద తిరగేసి పెట్టుకొని చదువుతూ ఉంటే, ఒక పిల్లవాడు గుమ్మంలో కాపలా ఉండేవాడు. అధికారి వస్తున్నాడంటే పీటను మళ్ళీ కాళ్ళ మీద నిలబెట్టేవారు. ఈ కథ ఏ చర్చి పుస్తకంలోనూ లేదు. బెంజమిన్‌కు పినతండ్రి చెబితే తెలిసింది.

ఆ వేసవి ప్రయాణం ఒక్క సంవత్సరం ఆలస్యమై ఉంటే మేరీ కనిపించేది కాదు. 1758 డిసెంబరులోనే ఆ వృద్ధ దంపతులు ఇద్దరూ కన్నుమూశారు.

1771లో ఫ్రాంక్లిన్ తన స్వీయచరిత్ర రాయడం మొదలుపెట్టాడు. కొడుకును సంబోధిస్తూ, ఆ ప్రయాణాన్ని గుర్తు చేస్తూ ఆరంభించాడు. తరువాత అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వచ్చింది. తండ్రి స్వాతంత్ర్యం పక్షాన, కొడుకు ఇంగ్లండు రాజు పక్షాన నిలిచారు. వారి మధ్య ఏర్పడిన అగాధం పూడలేదు. సమాధుల మీది పేర్లు రాసుకున్న విలియం తన పుట్టిన దేశాన్ని వదిలి, తాత వదిలి వచ్చిన ఇంగ్లండుకే వెళ్ళిపోయి, 1813లో అక్కడే మరణించాడు.

అభ్యాసం

1. జోసయా ఫ్రాంక్లిన్ ఎక్టన్ నుంచి అమెరికా దాకా వెళ్ళడానికి గల కారణాలు రాయండి.
2. చర్చి పుస్తకం వల్ల తెలిసినవేవి? మనుషులు చెప్పగా తెలిసినవేవి?
3. మీ ఇంటిపేరు ఒక ఊరి పేరా? వృత్తి పేరా? ఇంట్లో అందరికంటె పెద్దవారిని అడిగి, వారు చెప్పినది వారి మాటల్లోనే రాసుకొని రండి.